సాగర్ డ్యాం మునగని సముద్రం

అక్టోబరు నెలాఖరు నుంచి డిసెంబరు మూడో వారం దాకా గుంటూరు, తెనాలి, రేపల్లె వైపు రైతు ఇళ్లలో టీవీ వార్తలు వినే తీరే మారిపోతుంది. వరి కోసి పనల మీద ఉంటుంది. పత్తి తీతలు సగంలో ఉంటాయి. మిర్చి పూత మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఒక మాట వినిపిస్తుంది: గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ పరిసరాల్లో ఉపరితల ఆవర్తనం. ఆ రోజు నుంచి ఇంట్లో టెన్షన్ మొదలు. అది అల్పపీడనం అవుతుందా, అండమాన్ దాటి ఇటు తిరుగుతుందా, కోసిన వరిని కుప్ప వేయాలా, కోయనిదాన్ని అలాగే వదిలేయాలా? 2023 నవంబరు చివర్లో అటువైపు మొదలైన ఆవర్తనమే మిచౌంగ్ తుఫానుగా మారి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. చేతికొచ్చిన వరి చేలోనే నీళ్లలో పడిపోయింది.

ఎక్కడో వెయ్యి మైళ్ల అవతలి సముద్రానికీ మన పొలానికీ ఉన్న సంబంధం ఏమిటో వార్తల్లో చెప్పరు, చెప్పేంత టైమూ ఉండదు. మ్యాపులో గాలులు సుడి తిరుగుతుంటాయి, కింద ఆ సముద్రం మాత్రం ఒక నీలిరంగు మరకలా కనిపిస్తుంది. తెలుసుకోవాల్సింది ఆ మరక గురించే. గాలి కథ అర్థం కావాలంటే ముందు నీళ్ల కథ, నీళ్ల కింద నేల కథ తెలియాలి.

మన భూగోళం పుస్తకాల్లో దీని పేరు థాయ్‌లాండ్ సింధుశాఖ. పశ్చిమాన పొడుగాటి తోకలా దిగే మలయా ద్వీపకల్పం, ఉత్తరాన బ్యాంకాక్, తూర్పున కంబోడియా, ఆ కింద వియత్నాం దక్షిణపు కొస. మూడు వైపులా నేల, ఆగ్నేయం వైపు మాత్రం తెరిచిన తలుపు. ఆ తలుపు దాటితే దక్షిణ చైనా సముద్రం. విస్తీర్ణం సుమారు 3,20,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా ఇంకా చోటు మిగులుతుంది.

ఇంత విశాలమైన నీటికి లోతు లేదు. సగటున 50 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. బాగా లోతైన చోట కూడా 85 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. నాగార్జున సాగర్ డ్యాం ఎత్తు పునాది నుంచి 124 మీటర్లు. ఆ డ్యాంను తీసుకెళ్లి ఈ సముద్రంలో అన్నిటికంటే లోతైన చోట నిలబెట్టినా, పైన పన్నెండంతస్తుల బిల్డింగంత భాగం నీటి బయటే ఉంటుంది. ఇంకో లెక్క కూడా ఉంది. ఐదున్నర మీటర్ల మంగళగిరి నేత చీర ఒకటి నేల మీద పరిచి, దాని పొడవును ఈ సముద్రం పొడవు అనుకుంటే, నీటి లోతు ఆ బట్ట మందమంతే. అంటే దీన్ని సముద్రం అనడం కన్నా నేల మీద పరిచిన తడిబట్ట అనడమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

మన వైపు అలా కాదు. కాకినాడ తీరానికి ఎదురుగా కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో ఒక గ్యాస్ క్షేత్రం 2,000 మీటర్లకు పైగా నీటి అడుగున ఉంది. బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు. ఈ రెండు నీళ్ల మధ్య అడ్డంగా ఉన్నది మలయా ద్వీపకల్పం ఒక్కటే. అది క్రా భూసంధి దగ్గర సన్నబడి 44 కిలోమీటర్ల వెడల్పుకు దిగిపోతుంది. విజయవాడలో బయలుదేరి గుంటూరు దాటి కాస్త ముందుకు పోతే ఎంతో, అంతే. ఆ కొద్దిపాటి నేలకు ఒక పక్క వేల మీటర్ల అగాధం వైపు దిగే నీళ్లు, ఇంకో పక్క డ్యాం కూడా మునగని నీళ్లు.

ఇది మొదటి నుంచీ సముద్రం కాదు. సుమారు 21 వేల ఏళ్ల కింద, హిమయుగం ముదిరిన కాలంలో, భూమ్మీది నీరు పెద్ద భాగం మంచుగా గడ్డకట్టి ఉన్నప్పుడు సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. 85 మీటర్ల లోతు దాటని ఈ సింధుశాఖ మొత్తం అప్పుడు పొడి నేల. బ్యాంకాక్ మీదుగా పారే చావో ప్రాయా నది అక్కడితో ఆగకుండా, ఇప్పుడు సముద్రగర్భమైన మైదానం గుండా వందల కిలోమీటర్లు పారేది. సుమత్రా, జావా, బోర్నియో, మలయా అన్నీ ఒకే భూభాగం. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని సుండాలాండ్ అంటారు. ఏనుగులూ మనుషులూ నడిచి తిరిగిన నేల అది. మంచు కరిగే కొద్దీ నీళ్లు ఎక్కి వచ్చాయి. నేల చదునుగా ఉండటంతో నీళ్లు ఒక మీటరు పెరిగితే చాలు, తీరం ఎన్నో కిలోమీటర్లు వెనక్కి జరిగేది.

దీవులు ఎలా పుట్టాయో తెలియాలంటే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చుట్టూ చూస్తే చాలు. విజయవాడ సముద్ర మట్టానికి పాతిక మీటర్ల ఎత్తులో, గుంటూరు దానికి కాస్త పైన ఉన్నాయి. సముద్రం 60 మీటర్లు పెరిగిందనుకుంటే రెండు ఊళ్లూ, మధ్యలో పొలాలూ, తెనాలి, బాపట్ల అన్నీ నీళ్ల అడుగుకు పోతాయి. పైకి కనిపించేవి ఇంద్రకీలాద్రి శిఖరం, మంగళగిరి కొండ, కొండపల్లి గుట్టలు, దూరంగా కొండవీడు. పడవలో వెళ్లేవాడు వాటిని దీవులే అంటాడు. థాయ్‌లాండ్ సింధుశాఖలోని దీవులు చాలా మటుకు ఇలాంటి కొండల తలలే.

కృష్ణలో మనం చూసే లంకలు వేరు, ఇవి వేరు. దివిసీమ వైపు లంకలు నది తెచ్చిన ఒండ్రు మేట వేస్తే పైకి లేచినవి. ఒక వరదకు పెరుగుతాయి, ఇంకో వరదకు కోసుకుపోతాయి. ఆ దీవులు పైకి లేవలేదు. వాటి చుట్టూ ఉన్న నేల మునిగింది. అందుకే ఒక్కో దీవి రాయి ఒక్కో రకం, అసలు కొండ ఏ రాయైతే అదే. కో సముయి (థాయ్ మాటలో కో అంటే దీవి) గ్రానైటు కొండ. 230 చదరపు కిలోమీటర్ల దీవి మధ్యలో 600 మీటర్లకు పైగా లేచి, తీరంలో గుండ్రటి పెద్ద బండలుగా విరిగి కనిపిస్తుంది. పల్నాడు దారిలో కొండరాళ్లు చూసిన కళ్లకు ఆ బండలు కొత్తేమీ కాదు. తూర్పున కంబోడియా సరిహద్దు దగ్గర కో చాంగ్ 700 మీటర్లు దాటిన దట్టమైన అడవి కొండ. వియత్నాంకు చెందిన ఫు క్వాక్ అన్నిటిలోకీ పెద్దది, సుమారు 575 చదరపు కిలోమీటర్లు, ఎక్కువగా ఇసుకరాయి.

వీటన్నిటిలో ఆగి చూడాల్సింది ఆంగ్ థాంగ్. సముయికి పడమరగా 42 చిన్న దీవుల గుంపు, 1980 నుంచి జాతీయ పార్కు. ఇక్కడ సున్నపురాయి. వాన నీటికి సున్నపురాయి కరుగుతుందని బొర్రా గుహలు చూసినవారికి చెప్పక్కర్లేదు. ఈ కొండలు నేల మీద ఉన్న రోజుల్లోనే లోపల గుహలు, గోతులు పడ్డాయి. తర్వాత సముద్రం వచ్చి చుట్టుముట్టింది. అందులో కో మే కో అనే దీవి నిట్టనిలువు మెట్లెక్కి పైనుంచి లోపలికి చూస్తే, చుట్టూ కొండగోడల మధ్య బావిలాంటి ఆకుపచ్చటి సరస్సు కనిపిస్తుంది. అది ఉప్పునీరే. బయటి సముద్రానికీ దానికీ రాతి కింద సొరంగం దారి ఉంది. సముద్రం దీవి చుట్టూనే కాదు, దీవి కడుపులోనూ ఉందన్నమాట. మునిగిన నేల అనే మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఆ నేల అంత చదునుగా ఎందుకుంది? నిజానికి అక్కడ పెద్ద గొయ్యే ఉంది. కోట్ల ఏళ్ల కింద భూమి పైపొర సాగి చీలి, పొడుగాటి పల్లాలు పడ్డాయి. నదులు వాటిని ఒండ్రుతో నింపుతూ వచ్చాయి. కొన్ని చోట్ల ఆ మట్టి పొర మందం చాలా కిలోమీటర్లు. అంటే లోతు లేకపోలేదు, నిండిపోయిందంతే. ఆ మట్టితో పాటు పూడిపోయిన చెట్టూ చేమా కింద వేడికి గ్యాసుగా మారాయి. ఎరావాన్ క్షేత్రం నుంచి 1981లో గ్యాసు రావడంతో థాయ్‌లాండ్ ఆర్థిక వ్యవస్థే మలుపు తిరిగింది. కేజీ బేసిన్ కథ కూడా ఇలాంటిదే: నది, ఒండ్రు, కింద గ్యాసు. కాకపోతే వాళ్లు 60, 70 మీటర్ల నీటిలో ప్లాట్‌ఫారం కాళ్లు నేల మీద పెట్టి తవ్వుకున్నారు, మన దగ్గర వేల మీటర్ల నీటి కిందికి దిగాల్సి వచ్చింది.

గ్యాసు ఉన్నచోట గట్టు తగాదా తప్పదు. సముద్ర చట్టం ప్రకారం ఒక దేశానికి తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్ల దాకా హక్కు. ఈ సింధుశాఖ వెడల్పు ఎక్కువలో ఎక్కువ 550 కిలోమీటర్లు. కాబట్టి ఎవరిదీ కాని నీరు అంటూ ఇక్కడ ఒక్క బిందె కూడా మిగలదు. గీసిన గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. థాయ్‌లాండ్, మలేషియా ఈ విషయంలో తెలివిగా నడుచుకున్నాయి. గీత ఎక్కడో తేలకపోయినా సరే, 1979లో ఒప్పుకుని 7,250 చదరపు కిలోమీటర్ల ముక్కను ఉమ్మడిగా తవ్వుకుని సగం సగం పంచుకునే పద్ధతి పెట్టుకున్నాయి. థాయ్‌లాండ్, వియత్నాం 1997లో గీత గీసుకున్నాయి. థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య సుమారు 26,000 చదరపు కిలోమీటర్ల మీద తగాదాకు 2001లో చర్చల పత్రం రాసుకున్నా, అక్కడ ఇంకా ఎవరికీ గ్యాసు అందలేదు. కృష్ణా నీళ్ల పంపకాలు చూస్తున్నవాళ్లకు ఆ ఆలస్యం అర్థమవుతుంది.

నీటి సంగతికి వస్తే, పట్టాయా వెళ్లొచ్చిన మనవాళ్లు చెప్పే మాట ఒకటుంది: ఫొటోల్లో చూసినంత నీలంగా లేదని. విజయవాడ ట్రావెల్ ఏజెంట్ల బోర్డుల మీద బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్, క్రాబీ పక్కపక్కనే ఉంటాయి. కానీ ఫుకెట్, క్రాబీ ద్వీపకల్పానికి అవతల అండమాన్ సముద్రం ఒడ్డున ఉన్నాయి. ఒక విధంగా అవి మన నీళ్లే. పట్టాయా, సముయి సింధుశాఖ వైపువి. సింధుశాఖ తలభాగంలో, వంద కిలోమీటర్ల చదరంలో, చావో ప్రాయాతో కలిపి నాలుగు నదులు వచ్చి పడతాయి. అక్కడ లోతు 15, 20 మీటర్లే. మామూలు సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఈ సింధుశాఖ పైపొరలో 31, 32 గ్రాములే. మట్టి కలిసిన, ఉప్పు తగ్గిన నీటిలో పగడాలు బతకవు. అందుకే పట్టాయా తీరంలో కాక అక్కడి నుంచి పడవెక్కించి దూరపు దీవికి తీసుకెళ్లి పగడాలు చూపిస్తారు. దక్షిణంగా పోయే కొద్దీ నీరు తేరుకుంటుంది. కో తావో చుట్టూ పగడపు దిబ్బలు బాగానే ఉన్నాయి. కానీ అక్కడా లోతు తక్కువే. వేసవి ముదిరితే నీరు తొందరగా కాగుతుంది. 1998లో, 2010లో పగడాలు రంగు పోయి తెల్లబడ్డాయి.

పోటు, ఆటు కూడా అక్కడ వేరే లెక్క. సూర్యలంకలో సముద్రం రోజుకు రెండుసార్లు ముందుకొచ్చి రెండుసార్లు వెనక్కి పోతుంది. సింధుశాఖలో చాలా తీరాల్లో రోజుకు ఒక్క పోటు, ఒక్క ఆటు. సముద్రపు తొట్టి ఆకారం, లోతు ఎలా ఉంటే చంద్రుడి లాగుడికి నీరు అలా ఊగుతుంది. ఈ తొట్టి రోజుకోసారి ఊపుకే బాగా లొంగుతుంది.

వానలు రెండు వైపులా ఒకేసారి పడవు. జూన్ నుంచి నైరుతి గాలులు తూర్పు తీరపు కొండలకు తగిలి కో చాంగ్ వైపు కుమ్మరిస్తాయి. అక్కడికి దగ్గర్లోని ఖ్లాంగ్ యాయ్‌లో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటుతుంది, విజయవాడకు పడేదానికి నాలుగింతలు. అదే సమయంలో సముయి మీద ఎండ కాస్తుంటుంది. నవంబరు వచ్చేసరికి తారుమారు. ఈశాన్య గాలి సింధుశాఖ నీటి మీదుగా తేమ పీల్చుకుని సముయి వైపు కురుస్తుంది, కో చాంగ్ తేరుకుంటుంది. కృష్ణా జిల్లాకు జులై, ఆగస్టుల్లో, నెల్లూరుకు అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ వాన పడటం లాంటిదే. దీపావళి తర్వాత సెలవు పెట్టుకుని సముయి టికెట్లు కొనేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇక చేపలు. లోతు తక్కువ కాబట్టి వెలుగు లోపలికి దిగుతుంది, నదులు ఎరువు తెస్తాయి, నీరు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చేప పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి? అక్కడి జనం ప్రాణం పెట్టి తినేది ప్లా థు. అది మన కానాగంతకు స్వయానా తోబుట్టువు. మే క్లాంగ్ ఊరి బజారులో చిన్న వెదురు బుట్టల్లో రెండు మూడేసి పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. చేప పొడవు బుట్టలో పట్టదు కాబట్టి మెడ దగ్గర విరిచి తల కిందికి వంచుతారు. తలలు వంచుకుని పడుకున్నట్టుండే ఆ చేపల బుట్ట కనిపించిందంటే మే క్లాంగ్ సరుకే అని గుర్తు. మన కానాగంత కూడా ఆ నీటిలో దొరుకుతుంది. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్తా. అందులోని కనగుర్తా తెలుగు మాటే. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపలను చూసి రాసి 1803లో అచ్చేసిన పుస్తకంలో మన జాలర్లు పిలిచిన పేర్లు పెట్టాడు. అక్కడి నుంచి ఆ పేరు శాస్త్రంలోకి ఎక్కింది. బ్యాంకాక్‌లో చేపల మీద పరిశోధన చేసేవారు కూడా ఆ చేపను రాసేటప్పుడు తెలుగు జాలరి మాటే రాస్తారు.

ఆ సంపదను దెబ్బతీసింది కూడా లోతు లేకపోవడమే. చదునైన బురద అడుగు అంటే నేలను ఊడుస్తూ లాగే ట్రాల్ వలకు రహదారి. 1960ల మొదట్లో పశ్చిమ జర్మనీ సాయంతో ఈ వలలు వచ్చాయి. 1961లో సర్వే పడవ గంటసేపు వల లాగితే దాదాపు 300 కిలోలు పడేది. మూడు దశాబ్దాలు తిరిగేసరికి అది పదోవంతుకు దిగిపోయింది. లోతైన సముద్రంలో చేపకు వల అందని చోటు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇక్కడ దాక్కోవడానికి చోటే లేదు. ఏటా ఫిబ్రవరి 15 నుంచి మే 15 దాకా సింధుశాఖ నడిభాగంలో గుడ్లు పెట్టే కాలంలో వేటకు ఆంక్షలు పెడతారు, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆపినట్టే. అక్రమ వేట ఆపడం లేదని 2015లో యూరోపియన్ యూనియన్ హెచ్చరికగా థాయ్‌లాండ్‌కు ఎల్లో కార్డు చూపించింది, 2019లో వెనక్కి తీసుకుంది.

తలభాగంలో మాత్రం ఒక వింత మిగిలింది. బ్రైడ్స్ తిమింగలాలు అక్కడి లోతులేని నీటిలో నిలువుగా నిలబడి, నోరు బార్లా తెరిచి నీటి మట్టానికి ఆనించి కదలకుండా ఆగుతాయి. చేపలను వెంటాడవు. నెత్తళ్ల లాంటి చిన్న చేపలు బెదిరి ఎగిరి వాటంతట అవే నోట్లో పడతాయి. నది మురుగు వల్ల అడుగున ప్రాణవాయువు తగ్గి, చేపలన్నీ పైపొరలో గుమిగూడటం వల్ల తిమింగలాలు ఈ పద్ధతి నేర్చాయని పరిశోధకుల అంచనా.

ఇప్పుడు మొదట్లో అనుకున్న తుఫాను దగ్గరికి రావచ్చు. దానికి ముందు అలల లెక్క ఒకటి చెప్పాలి. సునామీ అల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 2,600 మీటర్ల లోతున అది గంటకు 575 కిలోమీటర్లతో, విమానంలా పోతుంది. 50 మీటర్ల లోతున 80 కిలోమీటర్లే, హైవే మీద బస్సు వేగం. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన అల అగాధమైన బంగాళాఖాతాన్ని కొన్ని గంటల్లో దాటి మంగినపూడి దాకా వచ్చింది, ఫుకెట్‌ను ఊడ్చేసింది. సముయికి ఏమీ కాలేదు. ద్వీపకల్పం అడ్డు నిలిచింది.

ఉప్పెన దగ్గర మాత్రం లోతు లేకపోవడం శాపం. తుఫాను గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంటే, లోతు ఉన్నచోట ఆ నీరు అడుగు నుంచి వెనక్కి పోగలదు. లోతు లేనిచోట వెనక్కి పోయే దారి లేక పైకి లేస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టింది గాలి కన్నా ఎక్కువగా ఈ నీరే. థాయ్‌లాండ్‌లో 1962 అక్టోబరులో హారియెట్ తుఫాను తలుంఫుక్ అనే ఇసుక కొస మీది పల్లెను అలాగే తీసుకుపోయింది. ఆ పేరు అక్కడివారికి, దివిసీమ పేరు మనకు, వినగానే గొంతు పట్టుకునే పేర్లు.

అక్టోబరు దాటాక వానగాలుల పట్టీ భూమధ్యరేఖ వైపు దిగుతూ సరిగ్గా ఈ సింధుశాఖ మీదికి వస్తుంది. పసిఫిక్‌లో పుట్టి వియత్నాం మీద బలహీనపడిన తుఫాన్ల తోకలు కూడా తూర్పు గాలి పట్టుకుని ఇటే వస్తాయి. మామూలు సముద్రంలో గాలి చిలికితే కింది చల్లటి నీరు పైకి వచ్చి సుడి ఆకలి తగ్గిస్తుంది. ఇక్కడ కింద చల్లటి నీటి నిల్వ పెద్దగా లేదు. చీర మందమంత నీరు పైనుంచి అడుగు దాకా వెచ్చనే. కాకపోతే తొట్టి చిన్నది. సుడి బలం పుంజుకునేలోపే చాలాసార్లు నేల తగులుతుంది. ఆ నేల సన్నటి ద్వీపకల్పం. దాన్ని దాటితే ఎదురుగా అండమాన్ సముద్రం, ఆపైన విశాలమైన బంగాళాఖాతం. ద్వీపకల్పం నుంచి బాపట్ల తీరానికి సుమారు 2,000 కిలోమీటర్లు, నాలుగైదు రోజుల ప్రయాణం. దారి పొడుగునా వెచ్చటి నీరే.

1989 నవంబరులో చిన్న తొట్టి కూడా అడ్డం కాలేదు. సింధుశాఖలోనే పుట్టిన గే తుఫాను రెండు మూడు రోజుల్లోనే భీకరంగా బలపడింది. నవంబరు 3న సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ నౌక బోల్తా పడి 91 మంది చనిపోయారు. 4న చుంఫోన్ దగ్గర ద్వీపకల్పాన్ని ఢీకొట్టి, దాటి, అండమాన్ సముద్రంలోకి దిగి మళ్లీ ప్రాణం పోసుకుంది. బంగాళాఖాతం మధ్యలో సూపర్ సైక్లోన్ స్థాయికి చేరి, 8, 9 తేదీల్లో నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరం దాటింది. మన పెద్దవాళ్లు కావలి తుఫాను అనేది దాన్నే. చుంఫోన్‌లో ఇళ్లు కూల్చిన గాలీ కావలిలో చెట్లు పెరికిన గాలీ ఒకటే. రెండు ఊళ్ల వాళ్లకూ ఆ సంగతి పెద్దగా తెలియదు. 2013లో ఒడిశాను, శ్రీకాకుళాన్ని వణికించిన ఫైలిన్ మొదటి ఆనవాళ్లు కూడా ఈ సింధుశాఖలోనివే. పేరు పెట్టింది థాయ్‌లాండే, వాళ్ల మాటలో దానికి నీలమణి అని అర్థం.

తుఫాను 44 కిలోమీటర్ల అడ్డదారిలో దూకుతుంది, ఓడకు ఆ దారి లేదు. గుంటూరు యార్డులో కొన్న తేజ మిర్చి బస్తా థాయ్‌లాండ్ పోవాలంటే బంగాళాఖాతం దాటి, మలక్కా జలసంధి గుండా భూమధ్యరేఖ దాకా దిగి, సింగపూర్ చుట్టి, మళ్లీ ఉత్తరానికి ఎక్కి లేమ్ చబాంగ్ రేవు చేరాలి. పూర్వీకులు ఇంత చుట్టు తిరగలేదు. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ మన తీరాన్ని మైసోలియా అన్నాడు, ఘంటసాలను కంటకస్సైల అన్నాడు, సువర్ణభూమి (ఆగ్నేయాసియా) వైపు పోయే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు కూడా ఈ తీరం మీదే గుర్తు పెట్టాడు. ఆ వ్యాపారులు చాలామంది ద్వీపకల్పం పడమటి ఒడ్డున సరుకు దింపి, కాలినడకన అడవి దాటి, అవతల సింధుశాఖలో మళ్లీ పడవెక్కేవారు. శాతవాహనుల నాణేల మీద తెరచాప ఓడ ఊరికే పడలేదు. అమరావతి శిల్పం ఛాయలున్న తొలినాటి బుద్ధ విగ్రహాలు సింధుశాఖ చుట్టుపక్కల దేశాల్లో దొరకడం వెనక ఉన్నది ఈ దారే.

ఇక మిగిలింది తలభాగంలోని బురద తీరం, మనకు అన్నిటికన్నా దగ్గరి చుట్టం అదే. సుమారు 6,000 ఏళ్ల కింద సముద్రం ఇప్పటికన్నా కొంచెం పైకి ఉన్నప్పుడు ఇప్పటి బ్యాంకాక్ నీటి అడుగున ఉండేది. తర్వాత నదులు ఒండ్రు పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. నగరం కింద పది మీటర్లు దాటి మెత్తటి సముద్రపు బంక మట్టి ఉంది. దాని మీదే మహానగరం లేచింది. బోర్లు వేసి భూగర్భ జలం తోడేయడంతో 1980ల మొదట్లో కొన్ని చోట్ల నేల ఏటా 10 సెంటీమీటర్లకు పైగా కుంగింది. ఎగువన 1957లో చైనాట్ దగ్గర చావో ప్రాయా బ్యారేజీ, 1964లో భూమిబల్ డ్యాం కట్టారు. మనకు ప్రకాశం బ్యారేజీ వచ్చిందీ 1957లోనే, సాగర్ నుంచి నీరు వదిలింది 1967లో. నీరు పొలాలకు తిరిగింది, రెండు డెల్టాలూ పచ్చబడ్డాయి. ఒండ్రు మాత్రం డ్యాముల వెనక ఆగిపోయింది. ఒండ్రు రాని డెల్టాను సముద్రం కోస్తుంది. అక్కడ మడ అడవులు నరికి రొయ్యల చెరువులు తవ్వడంతో కోతకు అడ్డం కూడా పోయింది. నిజాంపట్నం, నాగాయలంక వైపు చెరువుల గట్ల మీద తిరిగినవారికి ఆ దృశ్యం కొత్తగా చెప్పనక్కర్లేదు.

బ్యాంకాక్‌కు దక్షిణంగా సముత్ ప్రాకాన్ తీరంలో ఖున్ సముత్ చిన్ అనే జాలరి పల్లె ఉంది. గత కొన్ని దశాబ్దాల్లో అక్కడ సముద్రం కిలోమీటరుకు పైగా లోపలికి వచ్చింది. ఊరు ఇళ్లు విప్పుకుని వెనక్కి జరుగుతూ పోయింది, బుద్ధుడి గుడి మాత్రం కదల్లేదు. చుట్టూ నీళ్లు, మధ్యలో గుడి, దానికి సన్నటి కాలిబాట. ఒకప్పటి వీధిని చూపిస్తూ కరెంటు స్తంభాలు సముద్రంలో వరసగా నిలబడి ఉన్నాయి. పోటు నీరు లోపలికి రాకుండా భిక్షువులు గుడి నేలను ఎత్తుగా లేపించారు. దాంతో గుమ్మం పొట్టిదైపోయి, లోపలికి వెళ్లేవారు తల వంచుకునే వెళ్లాలి. కిటికీల కింది సగం కొత్త నేల అడుగున ఉంది.